తొమ్మిది కిలోల రెండు వందలు

మా మనవరాలు నడక నేర్చుకోలేదు. ఒకరోజు గోడ పట్టుకొని నిలబడింది, నాలుగు రోజులకు పరుగెత్తింది. మధ్యలో నడవడం అనేది ఒకటి ఉంటుందని ఆమెకు తెలియనే తెలియదు. ఇప్పుడు రెండున్నరేళ్లు. మా వాకిట్లోంచి మేకల కొట్టం దాకా, అక్కడి నుంచి అంగన్‌వాడీ గేటు దాకా ఆమె ఎన్నిసార్లు పరుగెత్తుతుందో ఆమె వెనక నేనూ అన్నిసార్లు పరుగెత్తుతాను. నాకు యాభై నాలుగేళ్లు. మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. అవి బాగుండబట్టే పిల్ల నా దగ్గర ఉంది.

ఆ సంగతి ముందు చెప్పాలి. నా బిడ్డ నర్సు. భూపాలపల్లి జిల్లాలో, మహదేవపూర్ దాటాక గోదావరి ఒడ్డు ఊళ్ల మధ్య ఒక సర్కారు దవాఖానలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. అల్లుడు జనగామలో బస్సు నడుపుతాడు. పిల్లను జనగామలో అల్లుడి తల్లి దగ్గర, అంటే నా వియ్యపురాలి దగ్గర ఉంచాలనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని ఏడాదిన్నర వయసులో మనవరాలు చిన్న సంచీ బట్టలతో మహబూబాబాద్ దగ్గరున్న మా ఊరికి వచ్చింది.

"ఒక్క రెండేండ్లు ఓపిక పట్టమ్మా, ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంట" అంది నా బిడ్డ. బస్సెక్కేటప్పుడు ఆమె ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. అప్పటికే ఎదురింటి కోడిపెట్ట వెంట పడింది.

పిల్లకు మొదట వచ్చిన మాటలు రెండే. ఒకటి "నేనే", రెండోది "అద్దు". తలుపు గొళ్లెం నేనే తీస్తా, మేకను నేనే విప్పుతా, నీళ్లు నేనే పోసుకుంటా. నేను తీస్తానంటే అద్దు, విప్పుతానంటే అద్దు, పోస్తానంటే అద్దు. తనకంటే ఎత్తున్న మేకపోతును చెవి పట్టుకొని వాకిట్లోకి తీసుకొచ్చేది. అది కూడా ఏమనుకునేదో ఏమో, తల వంచుకొని వచ్చేది.

ఒకసారి మా అరుగు మీద మహిళా సంఘం మీటింగు జరిగింది. పది పన్నెండు మంది ఆడవాళ్లం పొదుపు మాటలు మాట్లాడుకుంటున్నాం. మీటింగు అయ్యాక లేచి చూస్తే గడప ముందు చెప్పు ఒక్కటి లేదు. ఊరంతా వెతకబోయి చివరికి మేకలు నీళ్లు తాగే తొట్టిలో చూశాం. అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్ల తొట్టి పక్కన నిలబడి చివరి చెప్పును ఒత్తి ఒత్తి ముంచుతోంది.

సంఘం లీడరు తడి చెప్పులు దులుపుకుంటూ, "అక్కా, ఇగ మీ అరుగు మీద మీటింగు పెట్టం తియ్యి. మీ మనవరాలిని లీడర్ని చేస్తె నేను దిగిపోత" అంది.

నేను పిల్లను కోప్పడ్డాను. కానీ పన్నెండు జతలు, ఒక్కొక్కటే, మా ఎవరి కంటా పడకుండా ఆ చిట్టి చేతులతో మోసుకుపోయిందంటే ఎంత పట్టుదల కావాలి? ఆ సాయంత్రం బిడ్డకు ఫోన్ చేసి ఫిర్యాదు చెబుతున్నట్టు చెప్పాను గాని, చెబుతున్నంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయాను.

తిండి విషయంలోనే ఆమెతో యుద్ధం. కూర్చొని తినదు. కంచం ముందు కూర్చోబెడితే అందులో చెయ్యి పెట్టి కలిపి, లేచిపోతుంది. అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్డు సగం తాను తిని సగం కుక్కపిల్లకు పెడుతుంది. నేను గిన్నె పట్టుకొని వెంట తిరగాల్సిందే. ఒక ముద్ద మా వాకిట్లో, ఒక ముద్ద బోరింగు దగ్గర. మధ్యలో ఎవరింట్లో ఏది కనిపిస్తే అది. ఒక ఇంట్లో జొన్నరొట్టె ముక్క, ఇంకో ఇంట్లో మక్కగారె, మరో ఇంట్లో పెరుగన్నం. మా వాడలో ఆమెకు ముద్ద పెట్టని ఇల్లు లేదు. సాయంత్రానికి కడుపు గుండ్రంగా, బిగుతుగా ఉండేది. అది చూసి నేను నిశ్చింతగా ఉండేదాన్ని.

ఆ నిశ్చింత పోవడానికి కారణం ఒక కార్డు.

నేను చదువు నేర్చుకున్నది నలభై ఆరేళ్ల వయసులో. సంఘంలో సంతకాలు పెట్టాల్సి వచ్చినప్పుడు, మా ఊరి బడి అరుగు మీద సాయంత్రాలు ఒక టీచరమ్మ ఆడవాళ్లకు పలకలు ఇచ్చి నేర్పింది. మొదట అక్షరాలు, తర్వాత కూడికలు, తీసివేతలు. అంతకుముందు నా జీవితమంతా కాగితంలో ఏముందో ఎవరో ఒకరు చదివి చెప్పేవాళ్లు, నేను వేలిముద్ర వేసేదాన్ని. కాబట్టి కాగితం మీద నాకు భయంతో కూడిన నమ్మకం ఉండేది. రాసి ఉన్నదంటే అది నిజమై ఉంటుంది, నాకు తెలిసినదానికంటే కాగితానికి ఎక్కువ తెలుసు అనుకునేదాన్ని. చదువు వచ్చాక ఆ నమ్మకం తగ్గాలి. నాకు పెరిగింది.

పిల్లల ఎదుగుదల రాసే కార్డు ఒకటి ఉంటుంది. అందులో మూడు రంగుల పట్టీలు ఉంటాయి. ఆకుపచ్చలో చుక్క పడితే పిల్ల మంచిగా ఉన్నట్టు, పసుపులో పడితే బరువు తక్కువ ఉన్నట్టు, ఎరుపులో పడితే దవాఖానకు తీసుకుపోవాలి. ప్రతి నెలా అంగన్‌వాడీలో పిల్లలను జోకి, చుక్క పెట్టి, ఆ చుక్కలను గీతతో కలుపుతారు. మా మనవరాలి చుక్క పసుపులోకి జారింది. పక్కన తొమ్మిది కిలోల రెండు వందలు అని రాసి ఉంది. అంకెలు నేనే చదువుకున్నాను.

నా బిడ్డ కార్డు ఫోటో పెట్టమంటే పక్కింటి అమ్మాయితో తీయించి పంపాను. బిడ్డ దాన్ని అల్లుడికి పంపింది. అల్లుడు వాళ్లమ్మకు చూపించాడు. మర్నాడు పొద్దున్నే జనగామ నుంచి ఫోన్ వచ్చింది.

"వదినె, నువ్వేం అనుకోకు. ఫోటో చూసినప్పటి సంది నాకు బువ్వ పోతలేదు" అంది వియ్యపురాలు. "పుట్టుడే రెండు కిలోలు పుట్టింది. ఇప్పుడు పసుపుపచ్చల పడ్డదట. మీకు చెలక పనులుంటయి. పిల్లను పట్టుకొని కూసునే తీరిక మీకేడిది? నా మోకాలు మంచిగైంది. ఇగ నా దగ్గరికి తోలియ్యి."

ఆమె చెడ్డ మనిషి కాదు. పిల్ల పుట్టినప్పుడు పది రోజులు దవాఖాన మెట్ల మీద కూర్చున్న మనిషి. అందుకే చూద్దాం వదినె అని ఫోన్ పెట్టేశాను.

తర్వాత బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, నేను ఊరూరు తిరిగి తల్లులకు చెప్తున్న. నీ బిడ్డ పసుపుల ఉన్నది, మంచిగ తినిపియ్యి అని. నా బిడ్డ కార్డు ఎవలన్న చూస్తె ఏం మొఖం పెట్టుకోవాలె? జనగామకు తోలుదామంటె అత్తమ్మ ఆ పిల్ల వెనక ఉరకలేదు. మల్ల మోకాలు పాడైతది. నేనే ఉద్యోగం బంద్ పెట్టి వస్త."

మిర్చి ఏరి, పత్తి తీసి, మా ఇంట్లో మొదటి ఉద్యోగాన్ని చూశాం. తెల్ల కోటు వేసుకొని ఆమె మొదటి రోజు పంపిన ఫోటో మా ఇంటి గోడకు ఉంది. పిల్ల జనగామకు పోతే నెల తిరగకముందే నా బిడ్డ ఆ కోటు విప్పేస్తుంది. నాకు స్పష్టంగా అర్థమైంది. ఇప్పుడు మా ఇంటి ఉద్యోగం ఆ తొమ్మిది కిలోల రెండు వందల మీద నిలబడి ఉంది.

అక్కడ నేనొక తప్పు చేశాను. కార్డును నమ్మి పిల్లను నమ్మడం మానేశాను. కాళ్ల మధ్య బిగించి పట్టుకొని, ముక్కు మూసి, పాలు, గుడ్డు, పిండి జావ తాగించాను. మూడో రోజు తిన్నదంతా నా చీర మీద కక్కింది. నాలుగో రోజు నేను గిన్నె తీసుకోగానే మంచం కిందికి దూరింది. ఎప్పుడూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వుతూ పరుగెత్తే పిల్ల, ఆ రోజు వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

ఎదురింటి ముసలమ్మ అదంతా అరుగు మీద కూర్చొని చూస్తూనే ఉంది. "ఏందే, లేగదూడకు మందు పోసినట్టు పోస్తున్నవ్? ఏమైందే పిల్లకు?" అంది.

"బక్కగైంది అవ్వా. కార్డుల రాసిండ్రు."

"బక్కగైతె మొలతాడు వదులైతది. ఏది, చూడు."

పిల్ల గౌను ఎత్తి చూశాను. మొలతాడు వదులుగా లేదు. పోయిన దసరాకు ఒకసారి, కార్తీకంలో ఒకసారి బిగుతైందని నేనే తెంపి కొత్తది కట్టాను. ఇప్పుడు మూడోది కూడా నడుము మీద గీత పడేలా ఉంది. ఇదే పిల్లకు నా చేతులతో నేనే కట్టిన తాడు. కాగితం చూసినప్పుడు ఆ తాడు సంగతి నా బుర్రలోకి రానే లేదు.

ఆ మధ్యాహ్నం కార్డు తీసి మళ్లీ చదివాను. ఈసారి ఒక్క నెల కాదు, వెనక నెలలన్నీ చదివాను. తొమ్మిది కిలోల రెండు వందలు. దాని ముందు నెల కూడా తొమ్మిది కిలోల రెండు వందలు. దాని ముందు నెలా అంతే. నాలుగు నెలలుగా గీత పొలం గట్టులా బల్లపరుపుగా ఉంది. మేక పిల్ల కూడా నాలుగు నెలలు ఒకే తూకం ఉండదు.

కార్డు పట్టుకొని అంగన్‌వాడీకి పోయాను. అక్కడ పిల్లలను జోకే కాంటాను దూలానికి వేలాడదీస్తారు. దానికింద లాగులాంటి గుడ్డ సంచి ఉంటుంది. పిల్ల కాళ్లు అందులో దూర్చి వదిలితే గాలిలో వేలాడుతుంది, పైన ముల్లు తిరుగుతుంది. మా మనవరాలిని చిన్నగా ఉన్నప్పుడు అందులో ఎలాగో జోకారు గాని, నాలుగు నెలల కింద ఆమె తన్నిన తన్నులకు ముల్లు నిలవనే లేదు. తర్వాత నుంచి ఆ గుడ్డ సంచి కనబడితే చాలు, గేటు దాటి బయటుండేది.

టీచరు నన్ను చూసి తల వంచుకుంది. మంచి మనిషి, రోజూ ముప్పై మంది పిల్లలను పట్టుకొని ఉంటుంది. "ఏం చెయ్యాలె అక్కా, మీ పిల్ల కూసుంటనే లేదు. నెలనెలా ఫోన్‌ల ఎంతో ఒకంత తూకం ఎక్కియ్యాలె. ఎక్కియ్యకపోతే పైనుంచి అడుగుతరు. ఎక్కువ రాసి తప్పు చేసుడెందుకని పాత తూకమే రాసిన."

ఆమె మీద కోపం రాలేదు. నేనే ఆ అంకెను చదివి నమ్మాను కదా.

బిడ్డకు ఫోన్ చేసి చెప్పాను. నాలుగు నెలల అంకెలూ ఆమె నాతో ఒక్కొక్కటే చదివించుకుంది. తర్వాత, "మరి అసలు తూకం ఎంతమ్మా?" అని అడిగింది.

అది నాకూ తెలియదు. మొలతాడు బిగుతైందంటే నర్సుకు సరిపోదు. జనగామలో వియ్యపురాలికి అసలే సరిపోదు. ఆమెకు చెబితే, "మీ ఊరి టీచర్ రాసిందే తప్పంటున్నవా వదినె?" అని అడిగింది. ఆ తర్వాత, "పై వారం నేనే వస్తున్న. మొక్కు ఉన్నది. అది కాంగనే పిల్లను తీస్కపోత" అంది.

మొక్కు మేడారం తల్లులకు. మా దిక్కు జాతరకు ఇచ్చే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. పిల్లలు పుట్టాలనీ, పుట్టినవాళ్లు బతకాలనీ మొక్కుకున్నవాళ్లు పిల్ల ఎత్తు బంగారం జోకి ఇస్తారు. త్రాసులో ఒకవైపు పిల్లను, ఒకవైపు బెల్లాన్ని పెట్టి, రెండూ సమానమయ్యాక ఆ బెల్లాన్ని జాతరకు తీసుకుపోతారు. మనవరాలు రెండు కిలోలతో పుట్టి గాజు పెట్టెలో ఉన్నప్పుడు వియ్యపురాలు దవాఖాన మెట్ల మీద మొక్కుకున్న మొక్కు అది.

జాతర వారంలో ఆమె జనగామ నుంచి రైల్లో మహబూబాబాద్‌కు, అక్కడి నుంచి ఆటోలో మా ఊరికి వచ్చింది. ఒక చేతిలో బెల్లం సంచి, ఇంకో చేతిలో మడిచిన ఖాళీ సంచి. ఆ ఖాళీ సంచి పిల్ల బట్టలకని నాకు చూడగానే తెలిసింది.

"తొమ్మిదిన్నర కిలోలు తెచ్చిన" అంది బెల్లం దింపుతూ. "కార్డుల తొమ్మిది రెండు వందలున్నది కదా. తల్లులకు ఇచ్చేది, జర ఎక్కువనే ఉండాలె."

మా ఆయన మిరపకాయలు జోకే పాత త్రాసును పందిరి గుంజకు కట్టాడు. వాడలో ఆడవాళ్లు పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో వచ్చారు. ఒక తట్టలో బెల్లం పెట్టాం. రెండో తట్టలో పిల్లను కూర్చోబెట్టడానికి వియ్యపురాలు ముందుకొచ్చింది.

"దా బిడ్డా, ఉయ్యాల ఊగుదాం."

పిల్ల తట్టను చూసింది. గాలిలో వేలాడే గొలుసులను చూసింది. "అద్దు" అంది.

మా ఆయన ఎత్తుకొని పెట్టబోయాడు. కాళ్లు ముడుచుకొని ఆయన మెడ పట్టుకుంది. వాడలో పిల్లలను బుజ్జగించడంలో పేరున్న ఒకామె బిస్కెట్ చూపించింది. పిల్ల బిస్కెట్ తీసుకొని పరుగెత్తింది. పట్టుకొచ్చి బలవంతంగా కూర్చోబెట్టేసరికి తట్ట అంచు పట్టుకొని ఊపింది. త్రాసు గిర్రున తిరిగి బెల్లం ముద్ద ఒకటి దొర్లి కోళ్ల మధ్యకు పోయింది.

"నువ్వు పెద్ద సాకుడు సాకినవ్ వదినె" అంది వియ్యపురాలు, ముద్దను తుడుస్తూ. నవ్వుతూనే అంది. నలుగురిలో అంది కాబట్టి నాకు తగిలింది.

అప్పుడు నాకు మిర్చి దుకాణం తట్టింది.

మా ఊళ్లో మిర్చి, పత్తి కొని, బెల్లం, కిరాణా సామాన్లు అమ్మే దుకాణం ఒకటి ఉంది. అక్కడ నేల మీద పెట్టే కరెంటు కాంటా ఉంటుంది. దాని మీద బస్తా పెడితే ఎదురుగా ఎర్రని అంకెలు వెలుగుతాయి. ముప్పై ఏళ్లుగా నేను ఆ దుకాణానికి మిర్చి మోస్తున్నాను. మిర్చిని ఎవరూ విడిగా కాంటా మీద పొయ్యరు. సంచితో పాటు జోకుతారు, తర్వాత ఖాళీ సంచిని జోకి ఆ తూకం తీసేస్తారు. చదువు రాకముందు నుంచే ఆ లెక్క నాకు తెలుసు.

"వదినె, లే. బెల్లం పట్టుకో. దుకాణానికి పోదాం" అన్నాను.

పిల్లను చంకనేసుకొని నేను ముందు, బెల్లంతో వియ్యపురాలు వెనక, ఆమె వెనక వాడంతా. దుకాణం సేటు మమ్మల్ని చూసి గల్లా పెట్టె వెనక నుంచి లేచాడు.

"ఏందక్కా, గింతమంది వచ్చిండ్రు. మిర్చి ఏది?"

"మిర్చి గిదే" అన్నాను పిల్లను చూపించి.

"ఘాటు మస్తుగున్నట్టుంది."

"నన్ను సంచి అనుకో అన్నా. పిల్లను ఎత్తుకొని నేను కాంటా ఎక్కుత. తర్వాత ఉత్త సంచిని జోకు."

సేటు నవ్వాడు. "మరి తరుగు?"

తేమ ఉంది, పుల్లలున్నాయి అని చెప్పి మా మిర్చిలో నుంచి వాళ్లు అదనంగా తీసేసేదాన్ని తరుగు అంటారు.

"ఈమె తూకంల పావుశేరు తరుగు తీసినా, ఇగ మా వాడ మిర్చి నీ గడప తొక్కది" అన్నాను. ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు.

పిల్లను ఎత్తుకొని ఎక్కాను. ఆమె గింజుకోబోయింది గాని, ఎదురుగా ఎర్ర అంకెలు వెలిగేసరికి ఆగిపోయింది. "ఎర్రది" అంది వేలు చూపిస్తూ. ఆ కాసేపు చాలు. యాభై ఎనిమిది కిలోల ఆరు వందలు. పిల్లను మా ఆయన చేతికిచ్చి నేనొక్కదాన్ని నిలబడ్డాను. నలభై ఏడు కిలోల రెండు వందలు.

సేటు ఫోన్‌లో లెక్క చేయబోయాడు. నేను వద్దన్నాను. అక్కడున్న సుద్దముక్క తీసుకొని గోడ మీద పై అంకె, కింద అంకె రాసి గీత గీశాను. ఆరులోంచి రెండు పోతే నాలుగు. ఎనిమిదిలోంచి ఏడు పోతే ఒకటి. ఐదులోంచి నాలుగు పోతే ఒకటి. పదకొండు కిలోల నాలుగు వందలు.

వియ్యపురాలు గోడ దగ్గరికి వచ్చి వేలితో నా అంకెలు ఒక్కొక్కటీ చూసింది. ఆమె ఏడో తరగతి చదివింది. "గింత ఎట్లుంటది? నువ్వు మొదటిసారి ఎక్కినప్పుడు చెప్పులున్నయా?" అంది.

"రెండుసార్లూ ఉన్నయి" అన్నాను.

"ఏది, పిల్లను ఇటియ్యి."

ఆమె పిల్లను ఎత్తుకొని, ఆపరేషన్ కాలు జాగ్రత్తగా పెట్టి కాంటా ఎక్కింది. ఎక్కాక ఏదో గుర్తొచ్చినట్టు కొంగును అంకెల మీద కప్పింది. "సేటూ, నువ్వొక్కనివే చూడు. పైకి చదువకు."

సేటు కొంగు కింద తల పెట్టి చూసి, రాసుకున్నాడు. తర్వాత ఆమె ఒక్కతే ఎక్కింది. మళ్లీ కొంగు కప్పింది. ఆ రెండు అంకెలు సేటు రాసిన చీటీలో నేనూ చూశాను. నాకు తెలుసు, ఇక్కడ రాయను. తీసివేస్తే వచ్చింది మాత్రం పదకొండు కిలోల నాలుగు వందలే.

అంతలో మా మనవరాలు "నేనే, నేనే" అంటూ అందరి కాళ్ల మధ్యలోంచి దూరి కాంటా మీద ఎక్కింది. ఎక్కి ఎగరడం మొదలుపెట్టింది. అంకెలు ఎనిమిదికి దిగి, పదహారుకు ఎక్కి, ఎక్కడా నిలవలేదు. "ఈమె కాంటాను కూడ ఉరికిస్తది" అన్నాడు సేటు.

వియ్యపురాలు తాను తెచ్చిన బెల్లం సంచి వంక చూస్తూ నిలబడింది. తొమ్మిదిన్నర కిలోలు. జనగామ బజారులో కార్డు అంకె చెప్పి, జర ఎక్కువే ఉండాలని కొని, అంత దూరం మోసుకొచ్చింది. నాకు ఆమెను చూస్తే గెలిచినట్టు అనిపించలేదు. రెండు కిలోల పిల్ల కోసం మొక్కిన మనిషి ఆమె.

"వదినె, నా బంగారం తక్కువవడ్డది" అంది మెల్లగా. అని నవ్వింది. కళ్లు తుడుచుకుంది. "తక్కువవడుడే మంచిగైంది. సేటూ, ఇంకో రెండు కిలోలు జోకు."

"ఆధార్ కావాలె అమ్మా. గుడుంబ సారా కాస్తరని జాతర దినాలల్ల ఊకె బెల్లం ఇయ్యనిస్తలేరు."

"ఈ మోకాలుతోని నేను గుడుంబ కాస్తనా?" అంటూనే ఆమె సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది.

కొత్త బెల్లం పాత బెల్లం సంచిలో చేరేలోపే పిల్ల ఒక ముద్ద మూల విరిచి నోట్లో పెట్టుకుంది. మొక్కు బంగారం తల్లులకు పెట్టకముందే ముట్టకూడదు. ఆడవాళ్లు అయ్యయ్యో అన్నారు. నేను నోట్లోంచి తీయబోయాను.

"తిననియ్యి వదినె" అంది వియ్యపురాలు. "దాని ఎత్తు దాని కడుపులకే పోయింది. సేటూ, ఇంకో పావు వెయ్యి."

అక్కడి నుంచే బిడ్డకు ఫోన్ చేశాం. నేను చెప్పబోతుంటే వియ్యపురాలు ఫోన్ లాక్కుంది. "మీ అమ్మను సంచి చేసి జోకినమే. నన్ను కూడ సంచి చేసింది. పదకొండు నాలుగు వందలు."

తర్వాత బిడ్డ ఫోన్ నాకు ఇమ్మంది. "అమ్మా, తల్లిని ఎత్తుకోమని జోకి, తర్వాత తల్లిని జోకి తీసెయ్యాలని మాకు ట్రైనింగ్‌ల చెప్పిండ్రు. నేను బయట ఊళ్లల్ల గట్లనే జోకుత. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి యాదికే రాలే." ఆమె నవ్వుతూ ఏడుస్తోంది. "ఆకుపచ్చల ఉన్నదమ్మా. నేను డ్యూటీకి పోతున్న, ఇక్కడ లైన్ కట్టిండ్రు."

నా తీసివేత కొత్తది కాదని తెలిసి నేను చిన్నబోలేదు. నా బిడ్డ పెద్ద పుస్తకాల్లో చదివినది నేను మిర్చి బస్తాల దగ్గర నేర్చుకున్నాను. ఆ రోజు దానికంటే గర్వం నాకు ఇంకేం కావాలి.

మర్నాడు అంగన్‌వాడీ టీచరు కార్డు తెప్పించుకొని తప్పు అంకెల పక్కన సరైనది రాసింది. ఆ నెల తూకం రోజున దుకాణం కాంటాను అడిగి తెచ్చారు. గుడ్డ సంచిలో కూర్చోనని ఏడ్చే పిల్లలు ఇంకో ముగ్గురు ఉన్నారు. వాళ్ల తల్లులు పిల్లలను ఎత్తుకొని వరుసగా కాంటా ఎక్కారు. తీసివేతలు నన్ను చెయ్యమన్నారు. ఒక పిల్లవాడు నిజంగానే పసుపులో ఉన్నాడని ఆ రోజే తెలిసింది. ఆ తల్లిని మా బిడ్డతో ఫోన్‌లో మాట్లాడించాను.

మేము అందరం కలిసి జాతరకు పోయి, పిల్ల ఎత్తు బంగారం తల్లులకు ఇచ్చి వచ్చాం. తిరిగి పోయే రోజు వియ్యపురాలిని మహబూబాబాద్ స్టేషన్‌లో దింపడానికి పిల్లను తీసుకొని నేను వెళ్లాను. అప్పటిదాకా ఆమె ఆ ఖాళీ సంచి మాట ఎత్తలేదు, నేను అడగలేదు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆ సంచి ఆమె ఒడిలో మడిచినట్టే ఉంది.

రైలు వచ్చింది. అది మా స్టేషన్‌లో ఎక్కువసేపు ఆగదు. ఆమె కాలు జాగ్రత్తగా పెట్టుకుంటూ ఎక్కి సీటు వెతుక్కుంటుంటే, నా చేతిలోంచి పిల్ల జారిపోయింది. తలుపు మెట్లు రెండు చేతులతో పట్టుకొని ఎక్కింది. లోపలికి పరుగెత్తి నానమ్మ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. ఎంత రమ్మన్నా రాదు. కిటికీ చువ్వలు పట్టుకొని నన్నే చూస్తూ కాళ్లు ఊపుతోంది. ఆమె తీసుకుపోతానంటే ఆ క్షణంలో నేను ఆపగలిగేదాన్ని కాదు. పిల్లే వచ్చి కూర్చుంది మరి.

రైలు కూత వేసింది. వియ్యపురాలు లేచింది. పిల్లను చంకలో వేసుకొని, తన్నుతున్నా వదలకుండా, ఒక చేత్తో సీట్లు పట్టుకుంటూ తలుపు దాకా వచ్చింది. వంగి పిల్లను నా చేతుల్లోకి ఇచ్చింది.

"పట్టుకో వదినె" అంది. "గట్టిగ పట్టుకో."